లేని జబ్బుకు ఉపవాసం

వీధి మలుపులో ఉన్న ఇస్త్రీ దుకాణం ఆమెది. అందుకని చిన్నా పెద్దా అందరూ ఆమెను ఇస్త్రీ అక్క అనేవారు. పళ్ళూడిన ముసలాయన కూడా చొక్కా మీద చెయ్యి వేసి, "అక్కా, కాలరు కొంచెం గట్టిగా నిలబడాలి" అనేవాడు. "మీరూ అక్కా అంటే నాకు నూరు దాటినట్టే లెక్క" అని ఆమె నవ్వేది. ముందు గదిలో ఇస్త్రీ బల్ల, దాని వెనక ఉతుకు తొట్లు, ఆ వెనక కాపురముండే రెండు గదులు. ఉన్న ఒక్క కూతురూ పెళ్ళయి వేరే ఊళ్ళో కాపురం చేసుకుంటోంది.

ఇళ్ళకు వెళ్ళి బట్టలు తెచ్చేదీ, మడతలు నలగకుండా తిరిగి ఇచ్చివచ్చేదీ ఆమె భర్త. మంచి గొంతున్న మనిషి. ప్రార్థన మందిరంలో పాట ఎత్తుకోవాలంటే ఆయనే ఎత్తుకోవాలి. ఆయన మొదటి చరణం అందుకోగానే, పక్కవాళ్ళతో కబుర్లాడే ఆడవాళ్ళు కూడా మాట ఆపేసేవారు. అందుకే ఆయన ఊరందరికీ పాటల బావ.

ఆయన మంచివాడు. ఈ మాట మొదటే చెప్పకపోతే ఆమెకు జరిగిందేమిటో సరిగ్గా అర్థం కాదు. ఆమె లేచేసరికి తొట్లు నింపి ఉంచేవాడు. ఇస్త్రీ పెట్టె తగిలి ఆమె వేలు కాలితే, ఎంత బేరం మధ్యలో ఉన్నా వచ్చి తడిగుడ్డ చుట్టేవాడు. ఒంటరిగా ఉండే ముసలమ్మ దుప్పట్లు ఇవ్వడానికి వెళితే, పరుపు మీద పరిచి మరీ వచ్చేవాడు. "ఇలాంటి మొగుణ్ణి ఏ దుకాణంలో కొన్నావమ్మా?" అని పక్కింటి కుట్టు వదిన అడిగితే, "తగ్గింపులో వచ్చాడు వదినా. కడుపు చెడిన సరుకు కదా!" అనేది అక్క. కుట్టు మిషను తొక్కుతూనే వదిన పగలబడి నవ్వేది.

కడుపు చెడిందన్నది మాత్రం వాళ్ళింట్లో నవ్వులాట కాదు. కొన్నేళ్ళుగా ఆయనను ఒక నొప్పి పీడిస్తోంది. అది వచ్చే ముందు రెండు మూడు రోజులు ముఖం బూడిద రంగుకు తిరిగేది. కంచంలో అన్నం కెలికి వదిలేసేవాడు. పిలిస్తే ఉలిక్కిపడేవాడు. చివరికి ఒక మధ్యాహ్నం, "ఇక నావల్ల కాదు. వంతెన అవతల వైద్యుడి దగ్గరికి వెళ్ళొస్తా" అని బయల్దేరేవాడు. పొద్దు వాలాక వడిలిపోయి వచ్చి, తల మీద చన్నీళ్ళు కుమ్మరించుకుని, గోడవైపు తిరిగి పడుకునేవాడు. మళ్ళీ కొన్నాళ్ళు హాయిగా ఉండేవాడు.

మందిరం నడిపే పెద్దయ్య ఈ సంగతి తానే అందరికీ చెప్పి, "మన పాటల బావ కడుపునొప్పి కోసం మరిచిపోకుండా ప్రార్థించండి" అన్నాడు. ఆ వారం నుంచే అక్క ప్రతి బుధవారమూ ఉపవాసం పట్టింది. కుట్టు వదిన కూడా పట్టింది. వదినకు అసలే నీరసం, ఒక్క పూట తినకపోతే కళ్ళు తిరుగుతాయి. వద్దని అక్క ఎంత పోరినా వినలేదు. "నా బిడ్డ జ్వరంతో పడుంటే తల దగ్గర కూర్చున్నదెవరు? నువ్వు పస్తుండగా నేను తిని తేన్చమంటావా?" అంది. బుధవారాలు నడి మధ్యాహ్నం వేళ వదిన మిషను చప్పుడు ఆగిపోయేది. గోడకు ఆనుకుని కాసేపు కళ్ళు మూసుకుందని అక్కకు ఇవతలి నుంచే తెలిసేది. ఆ చప్పుడు మళ్ళీ మొదలయ్యేదాకా ఆమె చెయ్యి ఆడేది కాదు.

బట్టలుతికే దుకాణాలన్నింటికీ ఒక పద్ధతి ఉంటుంది. ఎవరి బట్ట ఎవరిదో కలిసిపోకుండా, చొక్కా అంచు లోపలివైపు రంగుదారంతో చిన్న గుర్తు కుడతారు. ఏ దుకాణం కుట్టు దానిది. అక్కది ఎర్రదారం, పక్కపక్కనే రెండు పొడుపులు. సొంత ఇంటి బట్టలకు మాత్రం ఏ దుకాణంవాళ్ళూ గుర్తు కుట్టుకోరు. తన ఇంట్లో తాను తప్పిపోయేదెవరు?

ఒకరోజు ఆమె భర్త చొక్కా తిరగేసి ఇస్త్రీ చేస్తుంటే, అంచు దగ్గర నీలందారం ముడి కనిపించింది. గట్టిగా, ఒడుపుగా వేసిన ముడి. ఇల్లాలి చేతి కుట్టు కాదది. ఇంకో దుకాణం గుర్తు. ఆమె ఇస్త్రీ పెట్టెను పక్కన నిలబెట్టి చొక్కాను ముక్కు దగ్గర పెట్టుకుంది. గంజి వేరు, సబ్బు వేరు. ఇస్త్రీ దుకాణంవాడి చొక్కాను ఇంకొకడు ఉతికాడు!

"ఏమండీ, ఈ దారమేంటి?" అని అడిగింది.

ఆయన చూసి, "ఎక్కడో చిక్కుకుని ఉంటుందిలే" అన్నాడు.

"చిక్కుకున్న దారం ముడేసుకుంటుందా?"

"నన్నడుగుతావేంటి? దారాన్నడుగు" అని నవ్వి, మూటలు సైకిలుకు కట్టుకుని వెళ్ళిపోయాడు. మాటలో తేడా లేదు. చేతులే ఒక మూటను రెండుసార్లు కట్టాయి.

మర్నాడు ఆమె గంజిపొడి కొనాలని చెప్పి వంతెన దాటింది. వైద్యుడి బోర్డు ఎక్కడా కనబడలేదు. నీలందారం దుకాణం మాత్రం తొందరగానే దొరికింది. అక్కడ ఒక లావుపాటి ముసలాయన దుప్పటి మడుస్తూ, ఎవరితోనని లేకుండా మాట్లాడుతున్నాడు. ఆమె చొక్కా చూపించి, "ఇది మీ గుర్తేనా?" అంది.

"మాదే. ఏం, మరక మిగిలిపోయిందా?"

"లేదు, బాగా ఉతికారు. ఈ చొక్కా ఎవరు తెచ్చారో గుర్తుందా?"

"ఎందుకు లేదమ్మా! ఎదురుగా ఆ మేడ మీదికి వస్తుంటాడు. రాగానే సంచిలోంచి ఇంకో చొక్కా తీసి తొడుక్కుని పైకెళ్తాడు. దిగొచ్చాక దాన్ని మనకి ఉతకడానికిచ్చి, వచ్చినప్పటిదే వేసుకుని పోతాడు, ఉతికింది మర్నాడొచ్చి పట్టుకెళ్తాడు. ఆ మేడకొచ్చేవాళ్ళలో అంత శుభ్రమైన మనిషిని నేను చూళ్ళేదు." ముసలాయన గొంతు తగ్గించాడు. "పాపం, కొందరు పైకెళ్ళేటప్పుడు ఈలేస్తూ వెళ్తారు. ఈయన మాత్రం దినానికి పోతున్నట్టు పోతాడు. నాకే జాలేస్తుంది. అవునూ, నువ్వు ఆయనకేమవుతావమ్మా?"

"బట్టలుతికేదాన్ని" అంది అక్క.

మేడవైపు ఒక్కసారి చూసింది. మామూలు మేడ. మూసిన కిటికీలు, తీగ మీద తువ్వాళ్ళు. మెట్ల మీద ఒక అమ్మాయి తడిజుట్టు ఆరబెట్టుకుంటోంది. అక్క గంజిపొడి కొనడం మరిచిపోలేదు. ఆ సంచి చేత్తో పట్టుకుని వంతెన మీద నడుస్తుంటే, తనకు ఏడుపెందుకు రావడం లేదో తెలియలేదు. ఆ రోజు బుధవారమని మాత్రం గుర్తొచ్చింది. కడుపు ఖాళీగా ఉంది.

ఇంటికొచ్చేసరికి ఆయన తొట్ల దగ్గర ఉన్నాడు. ఆమె తలుపు గడియపెట్టి, "ఆ మేడ చూసొచ్చాను" అంది.

ఆయన బుకాయించలేదు. తొట్టి అంచు పట్టుకుని అక్కడే తడినేల మీద కూలబడ్డాడు. ఇది పెళ్ళికి ముందు నుంచీ ఉందన్నాడు. చిన్నప్పుడు తండ్రి బెల్టు తీసినప్పుడల్లా మంచం కింద దూరి, చెవులు మూసుకుని, తన ఒంటితో తాను ఏదో ఊరట వెతుక్కోవడం అలవాటైందట. పెద్దయ్యాక ఆ ఊరటే ఆయనను ఒళ్ళమ్ముకునేవాళ్ళ వీధుల వెంట లాక్కుపోయిందట. ఎవరైనా గట్టిగా కసిరినా, తానెందుకూ పనికిరాననిపించినా, ఒక్కోసారి ఊరికే భయం పుట్టినా, ఆ మేడ మెదడులో కూర్చుంటుందన్నాడు.

"వెళ్ళేటప్పుడు నాలో నేనుండనే. కాళ్ళు వాటంతటవే పోతాయి. అక్కడ సుఖమేమీ లేదు, ఒట్టు. దిగి వచ్చేటప్పుడు నా మీద నాకే ఉమ్మేసుకోవాలనిపిస్తుంది. ఇంకెప్పుడూ వెళ్ళనని దేవుడికి మొక్కుకుంటాను. మొక్కు తప్పినప్పుడు ఇంకా అసహ్యం. ఆ అసహ్యం తట్టుకోలేక మళ్ళీ…"

"మరి పాట?" అంది ఆమె. ఎందుకడిగిందో ఆమెకే తెలియదు.

ఆయన తల దించుకున్నాడు. "ఆ మర్నాడే బాగా వచ్చేది."

అప్పుడు తగిలింది ఆమెకు దెబ్బ. ఆయన కళ్ళు మూసుకుని, గొంతు వణుకుతూ క్షమించమని పాడిన పాటలన్నీ ఒక్కొక్కటే గుర్తొచ్చాయి. ఆ పాటలకు తాను కళ్ళు తుడుచుకుంది. దేవుడు మా ఇంట్లో ఉన్నాడని మురిసిపోయింది. ఆ కన్నీళ్ళు నిజమైనవే, ఆ పాటా నిజమే. వాటి వెనకున్న సంగతి మాత్రం ఆమెకు తప్ప ఆ పాడేవాడికీ, వినే దేవుడికీ తెలుసు.

"కడుపునొప్పి మాట ఎవరిది? మీకంత తెలివి లేదు."

"పెద్దయ్యకి చెప్పుకున్నాను, మొదట్లోనే. ఆడమనిషి తట్టుకోలేదు, కడుపునొప్పని చెప్పు, అందరిచేతా ప్రార్థన చేయిస్తానన్నాడు."

మర్నాడు పొద్దున్నే ఆమె పెద్దయ్య దగ్గరికి వెళ్ళింది. ఆయన మందిరంలో చాపలు దులుపుతున్నాడు. ఎవరికీ చెడు తలపెట్టని మనిషి. ఎవరింట్లో కష్టమొచ్చినా ముందు గడప తొక్కేది ఆయనే. ఆమె ముఖం చూడగానే విషయం తెలిసిపోయి, చాప కింద పెట్టాడు.

"కూర్చో తల్లీ."

"నిలబడే అడుగుతాను పెద్దయ్యా. నేను ఇన్నేళ్ళూ పస్తున్నది దేనికి?"

"నీ భర్త బాగుపడాలని. ప్రార్థన ఏ పేరుతో చేసినా చేరేచోటికే చేరుతుందమ్మా. దేవుడికి అసలు సంగతి తెలుసు కదా!"

"తెలుసు. ఆయనకి తెలుసు, మీకు తెలుసు, మా ఆయనకి తెలుసు. మీ ముగ్గురి మధ్యా తెలియంది నేనే. నన్ను దేవుడి ముందు కూర్చోబెట్టి అబద్ధం ఆడించారు కదండీ."

"నీ కాపురం నిలబడాలని, తల్లీ…"

"మీరు నిలబెట్టింది కాపురాన్ని కాదు పెద్దయ్యా. ఆ జబ్బుని. ఎవరూ చూడకుండా గొడుగు పట్టి మరీ పెంచారు."

పెద్దయ్య కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "ఇంకా గట్టిగా ప్రార్థిస్తే పోతుందనుకున్నానమ్మా. నాకు తెలిసిన మందు అదొక్కటే" అన్నాడు. ఆమెకు ఆ మాట నిజమేననిపించింది. అయినా కోపం తగ్గలేదు.

ఆసుపత్రిలో మనసు డాక్టరమ్మ ఉంటుందని చెప్పి భర్తను తీసుకెళ్ళింది అక్కే. డాక్టరమ్మ ముందు ఆయనతో, తరవాత ఇద్దరితో, చివరికి ఆమెతో ఒంటరిగా మాట్లాడింది.

"ముందు మీరు రక్తపరీక్ష చేయించుకోవాలి" అంది.

"నాకెందుకు? జబ్బు ఆయనకి కదా…" అని, మధ్యలోనే అర్థమై ఆగిపోయింది. తన మంచం మీద, తన దుప్పట్లో, తన ఒంటికి కూడా ఆ మేడ వచ్చి వెళ్ళిందన్న సంగతి అప్పటిదాకా తోచనే లేదు. సూది గుచ్చించుకునేటప్పుడు మొదటిసారి వెక్కివెక్కి ఏడ్చింది. నర్సమ్మ కారణం అడగలేదు. దూది తీసేసి కూడా కాసేపు ఆమె చెయ్యి అలాగే పట్టుకుంది. పరీక్షలో ఏమీ లేదని తేలింది.

డాక్టరమ్మ విడమరిచి చెప్పింది. "తాగుడు లాంటిదేనమ్మా ఇది. గుండెలో భయం, సిగ్గు పేరుకుపోతే, కాసేపు మరిచిపోవడానికి ఒళ్ళు ఒక దారి నేర్చుకుంటుంది. పోయి వచ్చాక సిగ్గు రెట్టింపవుతుంది. ఆ సిగ్గే మళ్ళీ తోస్తుంది. మీలో ఏదో తక్కువై ఆయన వెళ్ళలేదు. మీరు ఎక్కువ చేసి ఆపలేరు కూడా."

"దేవుడి మీద నమ్మకం ఉన్నవాడికి ఇదెలా వస్తుందమ్మా?"

"నమ్మకం ఉన్నవాళ్ళకి జ్వరం రాదా? నమ్మకం సాయపడుతుంది, నిజం చెప్పుకునే చోటుంటే. దాక్కోవడానికి వాడుకుంటే అదీ ఒక మంచం కిందే." "జబ్బు కదా అని మీరు వెంటనే క్షమించెయ్యనక్కర్లేదు. జబ్బు ఆయన తప్పు కాకపోవచ్చు. మిమ్మల్ని మోసం చెయ్యడం మాత్రం ఆయన చేసిందే" అంది. ఇలాంటి బాధతో ఉన్న మగవాళ్ళు వారానికోసారి అక్కడే కూర్చుని మాట్లాడుకుంటారనీ, ఆయన రావాలనీ చెప్పింది.

దారిలో ఆమె ఆయనకు ఒకే ఒక్క మాట చెప్పింది. "మేడ సంగతి ఊరందరికీ చెప్పమనను. అది మీకూ డాక్టరమ్మకీ మధ్య. కానీ ఆ కడుపునొప్పి అబద్ధాన్ని మందిరంలో మీ నోటితోనే దింపండి. నాకు కడుపునొప్పి లేదు, ఉన్న జబ్బు వేరే, దానికి వైద్యం చేయించుకుంటున్నాను, ఇక నా కోసం ఎవరూ పస్తుండొద్దు. అంతే. ఆ నాలుగు మాటలు మీ అంతట మీరు చెబితే, మిగతాది మెల్లగా చూద్దాం."

"చెబుతాను. ప్రాణం పోయినా చెబుతాను" అన్నాడాయన. ఆమె నమ్మింది. నమ్మాలని ఎంత కోరుకుందంటే, ఆ వారమంతా ఆయన కంచంలో అన్నం తన చేత్తోనే వడ్డించింది.

మందిరంలో మనవులు చెప్పుకునే వేళ వచ్చింది. ఆయన లేచాడు. ఆమె ఆడవాళ్ళ వరసలో, వదిన పక్కన, రెండు చేతులూ ఒళ్ళో బిగించుకుని కూర్చుంది. ఆయన నోరు తెరిచాడు, మూశాడు. అందరి ముఖాలూ ప్రేమగా ఆయనవైపు తిరిగాయి. ఆ ప్రేమే ఆయనను భయపెట్టిందేమో మరి.

"నా కడుపునొప్పి…" అన్నాడు. "నా కడుపునొప్పి పూర్తిగా నయమైపోయింది. మీ అందరి ప్రార్థనల వల్ల."

మందిరమంతా ఒక్కసారి దేవుడికి జేజేలు పలికింది. పెద్దయ్య మాత్రం తల ఎత్తలేదు. ఎవరో పాట అందుకోమన్నారు. ఆయన అందుకున్నాడు. ఎన్నడూ లేనంత బాగా పాడాడు.

చుట్టూ ఉన్న ఆడవాళ్ళు అక్కను కౌగిలించుకున్నారు. "నీ ఉపవాసం ఫలించిందే!" అని ఒకామె బుగ్గలు నిమిరింది. కుట్టు వదిన కళ్ళు మెరిసిపోతున్నాయి. "అమ్మయ్య! ఇక బుధవారం నాడు కడుపునిండా తినొచ్చు. ఎన్నిసార్లు సూది వేల్లో దింపుకున్నానో నీకు తెలీదు, చెప్పలేదులే" అంది.

ఆ మాట అక్క తట్టుకోలేకపోయింది. వదిన చెయ్యి పట్టుకుని మందిరం వెనక్కి తీసుకెళ్ళి, గోడ దగ్గర నిలబెట్టి, ఉన్నదున్నట్టు చెప్పింది. వదిన నోరు తెరుచుకుని విన్నది. ముఖం ఎర్రబడింది.

"అంటే నేను కళ్ళు తిరిగి పడింది… ఆ మేడ కోసమా?"

"అవును వదినా. నన్ను తిట్టు. ఎవర్నైనా తిట్టాలనిపిస్తే నన్నే తిట్టు."

"నిన్నెందుకే తిడతాను, పిచ్చిదానా! నువ్వూ నాతోపాటే పస్తున్నావుగా." వదిన ఆమెను దగ్గరికి లాక్కుంది. తరవాత పళ్ళు బిగించి, "ఆ పాటగాడు ఈసారి జేబు కుట్టమని నా దగ్గరికి రానీ, నోరే కుట్టి పంపిస్తా" అంది. ఏడుస్తున్న అక్కకు ఫక్కున నవ్వొచ్చింది. నవ్వాగాక ఏడుపు ఇంకా ఎక్కువైంది.

ఇంటికి వచ్చాక ఆయన గుమ్మంలోనే, "మాట నోట్లోదాకా వచ్చిందే. వాళ్ళంతా అలా చూస్తుంటే…" అన్నాడు.

"నేనూ చూస్తూనే ఉన్నానండీ. నన్ను చూడలేకపోయారా?"

ఆమె ఆయన బట్టలు నాలుగు జతలు తీసి ఇస్త్రీ చేసింది. కోపంలో కూడా ఆమె చేతికి మడత తప్పడం రాదు. మూట కట్టి ఆయన చేతికిచ్చింది.

"పెద్దయ్య ఇంటికి వెళ్ళండి. ఇన్నేళ్ళు మీ గుట్టు దాచాడు కదా, ఇక మిమ్మల్నీ దాచమనండి."

"ఎన్నాళ్ళు?"

"నాకు తెలీదు. తెలిస్తే చెప్పనా?"

పెద్దయ్య ఆయనకు ఒక గది ఖాళీ చేసి ఇచ్చాడట. ఆ వారం మందిరంలో, తాను ఒక ఇల్లాలికి అన్యాయం చేశానని, పేరు చెప్పకుండా, అందరి ముందూ ఒప్పుకున్నాడు. అక్క ఆ రోజు అక్కడ లేదు. వదిన వచ్చి చెప్పింది.

ఆమెకు ప్రార్థన చేతకాకుండా పోయింది. కూర్చునేది. కళ్ళు మూసుకునేది. ఆయన పేరు నాలుక మీదికి రాగానే లేచి ఏదో పనిలో పడేది. ఒకనాటి సాయంత్రం అలా కూర్చుని ఉంటే, మెట్ల మీద తడిజుట్టు ఆరబెట్టుకుంటున్న ఆ అమ్మాయి ఊరికే కళ్ళ ముందు మెదిలింది. ఆమెకూ ఏ ఊళ్ళోనో అమ్మ ఉండి ఉంటుంది. తిన్నదో లేదో. "ఆ పిల్లని చల్లగా చూడు తండ్రీ" అంది అక్క. ఆ మాట అన్నాక లేచిపోవాలనిపించలేదు. ఆ రోజుకు అదే ఆమె ప్రార్థన.

కొన్ని వారాలకు ఒక మిట్టమధ్యాహ్నం ఆయన దుకాణం ముందుకొచ్చి, లోపలికి రాకుండా, బట్టలిచ్చేవాళ్ళు నిలబడేచోట నిలబడ్డాడు. కాస్త చిక్కాడు. గడ్డం నెరిసినట్టుంది.

"ఆసుపత్రిలో కూర్చుంటున్నా, ప్రతి వారం. అక్కడ మొత్తం చెప్పాను. మొదటిసారి ఏడుపొచ్చి ఆగిపోయాను. రెండోసారి చెప్పాను. పాట మానేశానని పెద్దయ్యకి చెప్పేశా."

ఆమె చెయ్యి బల్ల మీదే ఆగింది. ఇది నిజమైతే బాగుండుననిపించింది. నిజమే అయ్యుండొచ్చు. ముఖం అలాగే ఉంది. కానీ అబద్ధమాడిన నాడు కూడా ఆ ముఖం అలాగే ఉండేది. పాతికేళ్ళుగా తాను చదువుకున్న ముఖం. అందులో ఏది ఏమిటో ఇప్పుడు తనకు చదవడం రావడం లేదు. మేడకంటే, పాటకంటే, ఆయన తన దగ్గర్నుంచి ఎత్తుకుపోయింది అదేనని ఆమెకు తెలిసింది.

"నువ్వేమీ అనవేంటి?" అన్నాడాయన.

"మంచిపని. వెళ్తూ ఉండండి. నా కోసం కాదు, నాకు చెప్పడానికి కాదు. నేను నమ్మినా నమ్మకపోయినా వెళ్ళండి."

"నమ్ముతున్నావా మరి?"

"లేదండీ" అంది ఆమె, మెల్లగా. తిట్టులా అనలేదు, దెప్పుతున్నట్టూ అనలేదు. "నమ్మాలని ఉంది. రావడం లేదు. వస్తే నేనే కబురు పెడతాను. రాకపోతే అదీ చెబుతాను. మీకు నేను అబద్ధం చెప్పను."

ఆయన తల ఊపాడు. ఎండలో నడుచుకుంటూ వెళ్ళిపోయాడు. మలుపులో వంతెనవైపు తిరుగుతాడో, పెద్దయ్య ఇంటివైపు తిరుగుతాడో చూద్దామని ఆమె గుమ్మందాకా వచ్చింది. అడుగు బయట పెట్టబోయి, ఆగి, వెనక్కి తిరిగింది.